హక్కు అడిగితే అప్పు ఇచ్చారు: మాసబ్ ట్యాంక్ మీదుగా యాభై ఏళ్ల 'పేదరిక నిర్మూలన' చరిత్ర

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ అంటే చాలామందికి ఫ్లైఓవర్, పాలిటెక్నిక్ కాలేజీ, మహావీర్ ఆసుపత్రి గుర్తొస్తాయి. కుతుబ్‌షాహీల కాలంలో జనం 'మా సాహెబా' అని పిలుచుకున్న రాజమాత పేరు మీద అక్కడ ఒక చెరువుండేది. చెరువు పోయి పార్కు వచ్చింది. పేరు జనం నోట్లో నలిగి మాసబ్ అయింది. కానీ ఆదిలాబాద్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో, 2014కు ముందైతే శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో, ఫైలు చంకన పెట్టుకుని బస్సు దిగే దళితుడికి మాసబ్ ట్యాంక్ అంటే ఒక్కటే: దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్. ఎస్సీ కార్పొరేషన్ ఆఫీసు.

కర్నూలు దగ్గర పెద్దపాడులో 1921లో పుట్టిన సంజీవయ్య ఈ దేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా, అంటే సుమారు రెండేళ్ల రెండు నెలలు, ఆ కుర్చీలో ఉన్నాడు. ఆయన పోయాక ఆయన పేరు ఒక భవనానికి పెట్టారు. ఆ భవనం మెట్లెక్కిన మన తల్లులు, తండ్రులు అడిగిందేమిటి, వాళ్లకు ఇచ్చిందేమిటి అన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, పేదరికాన్ని వ్యాపారంతోనూ టెక్నాలజీతోనూ పోగొట్టవచ్చన్న మాట గత ముప్పై ఏళ్లుగా లోకమంతా మార్మోగుతోంది. బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా గ్రామంలో మొదలుపెట్టిన చిన్న అప్పుల ప్రయోగం 1983లో గ్రామీణ్ బ్యాంకు అయింది. 2006లో దానికీ ఆయనకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2004లో సి.కె. ప్రహ్లాద్ అనే మేనేజ్‌మెంట్ పండితుడు ఒక పుస్తకం రాసి, పిరమిడ్ అడుగున ఉన్న పేదలు జాలిపడాల్సిన వాళ్లు కారు, వాళ్లది పెద్ద మార్కెట్ అని కంపెనీలకు చెప్పాడు. ఆ పుస్తకంలో మన రాష్ట్రపు ఈ-గవర్నెన్స్ కూడా ఒక ఉదాహరణ. లోకానికి ఇది కొత్త సిద్ధాంతం కావచ్చు. మనకు కాదు. పేదోడికి చిన్న పెట్టుబడి ఇస్తే చిన్న వ్యాపారి అవుతాడన్న ప్రయోగం ఎస్సీ కార్పొరేషన్ ఫైళ్లలో అప్పటికే ముప్పై ఏళ్లుగా మన మీద నడుస్తోంది. దాని ఫలితం ఏమిటో చెప్పాల్సింది కూడా మనమే.

భూమి అడిగిన కాలంలో పుట్టిన కార్పొరేషన్

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల సహకార ఆర్థిక సంస్థ 1974లో ఏర్పడింది. ఈ సంవత్సరాన్ని దాని చుట్టూ ఉన్న సంవత్సరాలతో కలిపి చదవాలి. 1967 నుంచి 1970 దాకా శ్రీకాకుళం కొండల్లో భూమి కోసం పోరాటం నడిచింది. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అంటే ఆ పదేళ్లలో దళితుడి నోట ఉన్న మాట 'భూమి'. దొరల, భూస్వాముల చేతుల్లోని మిగులు భూమిని కదిలించాల్సిన చట్టం బినామీ పేర్లలో, కోర్టు స్టేల్లో ఇరుక్కుపోయింది. అదే కాలంలో కార్పొరేషన్ మాత్రం జిల్లా జిల్లాకూ విస్తరించింది.

కార్పొరేషన్ చెడ్డదని నేను అనడం లేదు. షావుకారు వడ్డీ తప్ప వేరే దారి లేని మనుషులకు అది ఒక తలుపు. అయితే దాని పునాదిలో ఒక నిర్ణయం ఉంది. దళితుడి పేదరికానికి కారణం ఆస్తి లేకపోవడం కాదు, అప్పు పుట్టకపోవడం అన్న నిర్ణయం. ఆస్తి సమస్య అయితే ఉన్నవాడి దగ్గర తీసుకోవాలి. అప్పు సమస్య అయితే ఎవరి దగ్గరా ఏమీ తీసుకోనక్కర్లేదు, ఒక దరఖాస్తు ఫారం చాలు. రాజ్యం రెండో దారి పట్టింది.

బ్యాంకులు 1969లో జాతీయమయ్యాయి. 1972లో డీఆర్ఐ స్కీము కింద పేదలకు 4 శాతం వడ్డీకి అప్పులివ్వమన్నారు. బ్యాంకు మొత్తం అప్పుల్లో 1 శాతం ఇలా ఇవ్వాలి, అందులో 40 శాతం ఎస్సీ ఎస్టీలకు ఇవ్వాలి. లెక్క వేయండి: నూరు రూపాయల్లో 40 పైసలు. ఆ 40 పైసల గీత దగ్గర కూడా బ్యాంకు మేనేజరు 'పూచీకత్తు ఎవరు?' అని అడిగాడు. అందుకే కార్పొరేషన్ మార్జిన్ మనీ పెట్టింది. కొంత సబ్సిడీ, కొంత మార్జిన్ మనీ, మిగతాది బ్యాంకు అప్పు. ఇదే ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచిన నమూనా.

బర్రె యూనిట్

1978లో మొదలై 1980 అక్టోబర్ 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ పాకిన ఐఆర్‌డీపీ ఈ నమూనాను ఊరూరికీ తెచ్చింది. చిన్న రైతుకు పావు వంతు సబ్సిడీ, సన్నకారు రైతుకు, కూలికి మూడో వంతు, ఎస్సీ ఎస్టీలకు సగం. ఇచ్చేదాన్ని 'యూనిట్' అన్నారు. బర్రె ఒక యూనిట్, గొర్రెలు ఒక యూనిట్, కుట్టుమిషను ఒక యూనిట్, రిక్షా ఒక యూనిట్. మనిషి ఏం చేయగలడు, ఏం కోరుతున్నాడు అన్నది కాదు, జాబితాలో ఏముంది అన్నదే లెక్క.

మా ఇంట్లో ఒక బర్రె యూనిట్ కథ ఉంది. నేను పుట్టకముందు సంగతి. మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. కులం సర్టిఫికెటు, ఆదాయం సర్టిఫికెటు, ఏ బ్యాంకులోనూ బాకీ లేదన్న కాగితం, బ్యాంకు కాన్సెంటు, వీటి కోసం మా నాయన ఆర్నెల్లు తిరిగిండు. పైరవీకారుకు సబ్సిడీలో వాటా పోయింది. సంతలో బర్రెను ఎంచింది మా నాయన కాదు, వెంట వచ్చినోళ్లు. బర్రె వచ్చింది. మేత ఏది? గడ్డి పెరిగే పొలం గట్టు పటేలుది. పొద్దంతా ఆ పొలంలో కూలి చేస్తే సాయంత్రం ఒక మోపు గడ్డి కోసుకోనిస్తరు. పాలు ఎవరికి అమ్మాలె? ఊళ్లె మా వాడ పాలు కొనే ఇల్లు లేదు. పాలకేంద్రంలో మా చెంబు చివరికి నిలబడాలె. మూడో ఏడు బర్రె సచ్చింది. చెవి బిళ్ల దొరకలేదని బీమా రాలేదు. బ్యాంకు వాయిదా మాత్రం బతికే ఉంది.

ఇది ఒక్క ఇంటి గోడు కాదు, ఇందులో ఒక సూత్రం ఉంది. బర్రె కొనడానికి అప్పు దొరికింది కానీ మేత భూమి దగ్గర ఉంది, గిరాకీ కులం దగ్గర ఉంది. భూమి, కులం రెండూ అట్లే ఉండగా మధ్యలో యూనిట్ పెడితే ఆ యూనిట్ బతకదు. మార్కెట్‌కు కులం లేదని పుస్తకాల్లో రాస్తారు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో ఆగస్టు 6 నాటి హత్యాకాండకు ముందు జరిగింది సాంఘిక బహిష్కరణ. పని ఇవ్వొద్దు, సరుకు ఇవ్వొద్దు అన్నారు. ఒక ఊరి అగ్రకులం తలుచుకుంటే ఒక వాడ మొత్తానికి మార్కెట్‌ను మూసేయగలదు. అలాంటి చోట 'స్వయం ఉపాధి' అన్న మాటకు అర్థం ఏమిటి?

మన టెక్నాలజీ ఏమయింది?

దళితులకు టెక్నాలజీ నేర్పాలన్న మాట విన్నప్పుడల్లా నాకు లంద గుర్తొస్తుంది. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క రసంలో పదును పెట్టి చెప్పుగా, డప్పుగా, మోటబొక్కెనగా మార్చిన విద్య మాదిగలది. అది రసాయన శాస్త్రమే. కంచ ఐలయ్య 2009లో 'పోస్ట్ హిందూ ఇండియా'లో ఈ కులాలను శాస్త్రజ్ఞులుగా చూడాలని వాదించింది ఇందుకే. క్రోమ్ పదునుతో పెద్ద టానరీలు వచ్చాక తోలు ఊరు దాటింది. మోటబొక్కెన పోయి కరెంటు మోటరు వచ్చింది. లంద ఎండిపోయింది.

1973లో రాష్ట్ర ప్రభుత్వం తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ, అదే లిడ్‌క్యాప్, పెట్టింది. మంచి ఆలోచనే. తరతరాల విద్య ఉన్న మనుషులకు యంత్రం, పెట్టుబడి, మార్కెట్ మూడూ కలిపి ఇవ్వగలిగిన సంస్థ అది. కానీ లెదర్ పార్కుల పేరుతో జిల్లాల్లో కేటాయించిన భూములు చాలాచోట్ల ఫ్యాక్టరీ లేకుండా ఏళ్ల తరబడి ఖాళీగా పడున్నాయి. తోలు విద్య తెలిసిన కులానికి తోలు వ్యాపారంలో వాటా లేదు. కులానికి మురికి పని మిగిలింది, లాభం వేరేవాళ్లకు పోయింది. కాబట్టి మనకు లేనిది టెక్నాలజీ కాదు. టెక్నాలజీ మీద యాజమాన్యం.

బ్యాంకు తప్పుకుంది, వారాల అప్పు వచ్చింది

1991లో నరసింహం కమిటీ ప్రాధాన్య రంగం అప్పులను 10 శాతానికి కుదించమంది. ఆ సిఫారసును ప్రభుత్వం యథాతథంగా తీసుకోలేదు గానీ గాలి అటు మళ్లింది. 1992లో నాబార్డ్ స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. అదే ఏడు నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. ఆ ఉద్యమంలో ముందు నిలబడిన ఆడవాళ్లలో దళిత స్త్రీలు ఎక్కువ. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. ఆ వెంటనే ఆ ఆడవాళ్లనే పొదుపు సంఘాలుగా కట్టారు. రాజ్యాన్ని నిలదీసిన చేతికి పొదుపు పుస్తకం ఇచ్చారు.

1999లో చంద్రబాబు ప్రభుత్వం మెకిన్సే కంపెనీ సాయంతో 'విజన్ 2020' ప్రకటించింది. 2000లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో 'వెలుగు' వచ్చింది. 2004 తర్వాత వై.ఎస్. ప్రభుత్వం పావలా వడ్డీ ఇచ్చింది. పావలా వడ్డీ ఆడవాళ్లకు నిజంగా ఊరటే. కానీ వాయిదా తప్పితే ఆ పావలా రాదు, సంఘం అప్పు సరిపోదు. ఆ ఖాళీలోకి ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా ఎస్‌కేఎస్, షేర్, బేసిక్స్, గుంటూరులో పుట్టిన స్పందన. దేశంలో ఈ వ్యాపారానికి రాజధాని మన రాష్ట్రమే.

ఈ కంపెనీలు పూచీకత్తు అడగలేదు. అందుకే మన వాడల్లోకి అంత తేలిగ్గా వచ్చాయి. పూచీకత్తు బదులు పక్కింటామెను పెట్టుకున్నాయి. ఐదుగురు ఆడవాళ్లు ఒక గుంపు, ఒకామె కట్టకపోతే నలుగురు కట్టాలి. వారం వారం మీటింగు. వడ్డీ ఏడాదికి పాతిక శాతం దాటింది, అంటే మన లెక్కలో నూటికి నెలకు రెండు రూపాయల పైనే. పాత షావుకారు ఒక్కడే వచ్చి తలుపు కొట్టేవాడు. ఇప్పుడు మన వాడ ఆడవాళ్లే మన వాడ ఆమె తలుపు కొట్టాల్సి వచ్చింది. తరతరాలుగా ఒకరి కష్టానికి ఒకరు నిలబడ్డ వాడ ఐకమత్యాన్నే ఈ కంపెనీలు వసూలు యంత్రంగా మార్చుకున్నాయి. వ్యాపార పాఠాల్లో దీన్ని గొప్ప ఆవిష్కరణ అన్నారు.

2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఈ కంపెనీల బ్రాంచీలు సుమారు 50 మూయించారు. ఎవరూ పాఠం నేర్వలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేరు 985 రూపాయలకు అమ్ముడై స్టాక్ మార్కెట్ ఎక్కింది. సుమారు 1,600 కోట్లు వచ్చాయి. పేదల అప్పు మీద ఇలా లాభం తీయడాన్ని యూనస్ స్వయంగా తప్పుపట్టాడు. రెండు నెలలు తిరగకముందే వరంగల్, మెదక్ లాంటి జిల్లాల నుంచి వసూళ్ల వేధింపుల వార్తలు, ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. 2010 అక్టోబర్‌లో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, ఆ తర్వాత అది చట్టమైంది. 2011 జనవరిలో మాలెగాం కమిటీ వడ్డీకి 24 శాతం పరిమితి పెట్టమంది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది.

మన బస్తీల్లో జరిగిన పరీక్ష

ఈ అప్పులు పేదరికాన్ని తగ్గించాయా? దీనికి జవాబు వెతికిన ప్రసిద్ధ పరిశోధన హైదరాబాద్ బస్తీల్లోనే జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు 104 బస్తీలు తీసుకున్నారు. చీటీ వేసినట్టు 52 బస్తీలను ఎంచి అక్కడ స్పందన బ్రాంచీలు ముందుగా తెరిపించారు. రెండు గుంపులనూ పోల్చి 2015లో ఫలితం ప్రచురించారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు కొంత పెట్టుబడి పెంచుకున్నారు. కానీ కుటుంబాల సగటు ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాటకున్న విలువలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పేదరికం మీద ప్రయోగాత్మక పరిశోధనకు వీళ్లలో బెనర్జీ, డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది.

ఈ ఫలితాన్ని చూసి ఆశ్చర్యపోయినవాళ్లు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు, వాడల్లో లేరు. ఉన్నవాడికే అప్పు అక్కరకొస్తుందని మా అమ్మకు బర్రెతోనే తెలుసు.

అయితే ఇంకో పరిశోధన కూడా మనం నిజాయితీగా చదవాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ కూలిడబ్బును, పింఛన్లను వేలిముద్ర స్మార్ట్‌కార్డుతో ఇచ్చే పద్ధతిని రాష్ట్రంలో 8 జిల్లాల్లో 157 మండలాల్లో పరీక్షించారు. 2016లో ప్రచురించిన ఫలితం ప్రకారం కూలిడబ్బు తొందరగా చేతికొచ్చింది, మధ్యలో తినేయడం తగ్గింది. అంటే యంత్రం పనిచేసింది. ఎక్కడ? వెనుక ఒక చట్టం ఉన్నచోట. ఉపాధి హామీ దయ కాదు, పని అడిగే హక్కు. ఆ హక్కు మనిషికి చేరే దారిలో యంత్రం మధ్యవాడిని పక్కకు తోసింది. హక్కే లేనిచోట అదే యంత్రం వాయిదా వసూలు చేయడానికి మాత్రమే పనికొస్తుంది. ఇక్కడే మనకూ, 'టెక్నాలజీ అన్నీ చేస్తుంది' అనేవాళ్లకూ, 'టెక్నాలజీ అంతా మోసం' అనేవాళ్లకూ తేడా.

అంబేడ్కర్ ఈ తేడాను ముందే పట్టుకున్నాడు. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలోనే, భూమి ముక్క చిన్నదవడం అసలు రోగం కాదు, దాని మీద పెట్టే పెట్టుబడి లేకపోవడం, భూమి మీద జనం కిక్కిరిసి ఉండటం రోగం, పరిశ్రమ దానికి మందు అని వాదించాడు. 1945లో గాంధీవాదాన్ని విమర్శిస్తూ, తప్పు యంత్రానిది కాదు, దాన్ని కొందరి సొత్తు చేసిన సమాజ వ్యవస్థది అన్నాడు. 1947లో 'రాజ్యాలు-మైనారిటీలు'లో భూమిని, కీలక పరిశ్రమలను రాజ్యం చేతికివ్వమన్నాడు. ఊళ్లో భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలి అనే మూడు జాతులూ ఉండొద్దన్నాడు. యంత్రం కావాలి, పెట్టుబడి కావాలి, కానీ ముందు యాజమాన్యం మారాలి. ఈ వరస తిరగేస్తే ఏమవుతుందో మన యాభై ఏళ్లు చూపించాయి.

పథకం, చట్టం

తెలంగాణ వచ్చాక 2014 ఆగస్టు 15న దళిత కుటుంబానికి మూడెకరాలన్నారు. అది కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగింది. 2021 ఆగస్టులో హుజూరాబాద్ నుంచి దళిత బంధు వచ్చింది. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు కాన్సెంటు లేదు, తిరిగి కట్టేది లేదు. యాభై ఏళ్లలో మొదటిసారి బ్యాంకు మేనేజరును దాటేసిన పథకమిది. ఈ మాట మనం ఒప్పుకోవాలి. కానీ జాబితా ఎమ్మెల్యే చేతిలో పెట్టారు. కొందరు ఎమ్మెల్యేలు వాటాలు తీసుకుంటున్నారని 2023 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రే పార్టీ సమావేశంలో హెచ్చరించినట్టు పత్రికలు రాశాయి. పైరవీకారు పోయి ఎమ్మెల్యే వచ్చాడు. అదే ఏడు డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, కొత్త మంజూర్లు నిలిచిపోయాయి. చట్టం కానిది ప్రభుత్వంతో పాటు పోతుంది.

దీనికి ఎదురుగా 2013 నాటి ఎస్సీ ఎస్టీ ఉప ప్రణాళిక చట్టాన్ని పెట్టి చూడండి. జనాభా ఎంతో బడ్జెట్‌లో వాటా అంత. దీని కోసం దళిత సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాయి. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చుకుంది. అమలు కుంటిదే. అయినా డబ్బు ఖర్చు కాకపోతే, దారి మళ్లితే, అడగడానికి మన చేతిలో ఒక కాగితం ఉంది. దళిత బంధు ఆగితే అడగడానికి ఏ కాగితమూ లేదు.

మార్కెట్‌లో కూడా అంతే. 2012లో కేంద్రం తన కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచే కొనాలంది. కర్ణాటక 50 లక్షల లోపు ప్రభుత్వ పనుల్లో 24.1 శాతం ఎస్సీ ఎస్టీ కాంట్రాక్టర్లకు 2017లో కేటాయించింది. 2021లో తెలంగాణ మద్యం దుకాణాల్లో ఎస్సీలకు 10 శాతం ఇచ్చింది. సారా మీద కొట్లాడిన ఆడవాళ్ల పిల్లలకు సారా దుకాణంలో వాటా ఏమిటన్నది వేరే చర్చ. కానీ ఒక సంగతి రుజువైంది: రాజ్యం తలుచుకుంటే మార్కెట్‌లో వాటాను చట్టంగా రాయగలదు. కొనేవాడు ఖాయమైతే బర్రె యూనిట్ కూడా బతుకుతుంది.

కాబట్టి విద్యార్థులకు, కార్యకర్తలకు ఈ వ్యాసం చెప్పేది రెండే. మొదటిది, సంక్షేమ భవన్‌లో 1974 నుంచి పేరుకున్న రిజిస్టర్లు మన చరిత్ర. ఏ ఊళ్లో ఏ యూనిట్ ఇచ్చారు, ఎన్ని బతికాయి, ఎన్ని బ్యాంకు కాన్సెంటు దగ్గరే ఆగాయి అన్నది మన పరిశోధకులే సమాచార హక్కు కింద అడిగి జిల్లాలవారీగా రాయాలి. మన మీద జరిగిన ప్రయోగానికి ఫలితం పైవాళ్లు రాస్తే చాలదు. రెండోది, రేపు ఏ ప్రభుత్వం, ఏ కంపెనీ, ఏ యాప్ మన వాడకు వచ్చినా మూడు ప్రశ్నలు వేయాలి. ఆస్తి ఎవరి పేరు మీద ఉంటుంది? మేం చేసినదాన్ని కొనేదెవరు? ఇది ఆగిపోతే మేం ఏ చట్టం పట్టుకుని కోర్టుకెక్కాలి?

జవాబు లేకపోతే అది పథకం కాదు, ఇంకో బర్రె. చెవి బిళ్ల మనదే, వాయిదా మనదే.